ఎంజైముల జన్యువులు: కార్యసామ్యము, జ్ఞాతిత్వము

భాషాశాస్త్రమున అర్థసామ్యము వేఱు, జ్ఞాతిత్వము వేఱు. ‘ఇల్లు’, ‘గృహము’ అను పదములు రెండును ఒకే యర్థము నిచ్చుచున్నవి. కాని మొదటిది తమిళమునందలి ‘ఇల్’ శబ్దమునకు జ్ఞాతి. రెండవది సంస్కృతమునుండి గ్రహింపఁబడిన తత్సమము. 1816లో కాంబెల్ తెలుఁగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో ఎల్లిస్, తెలుఁగు సంస్కృతజన్యము కాదని స్థాపించినది ఇట్టి వివేకముచేతనే. సూక్ష్మజీవుల జన్యుశాస్త్రమునకును ఈ వివేకము మిక్కిలి యవసరము.

ఎషెరీషియా కోలై అను సూక్ష్మజీవి గ్లూకోజును విడఁగొట్టి పైరువేటుగా మార్చి శక్తిని పొందును. ఈ మార్గమునందొక మెట్టున, ఫ్రక్టోజు-6-ఫాస్ఫేటు మఱియొక ఫాస్ఫేటును గ్రహించి ఫ్రక్టోజు-1,6-బిస్ఫాస్ఫేటు అగును. ఈ కార్యమును నడపు ఎంజైము ఫాస్ఫోఫ్రక్టోకైనేజు. ఈ జీవియందది రెండు విధములుగా నున్నది. ‘పి.ఎఫ్.కె.-ఎ’ జన్యువునుండి పుట్టునది మొదటిది. కార్యమునందు సుమారు నూటికి 90 వంతులు దీనివలననే జరుగును. ‘పి.ఎఫ్.కె.-బి’ నుండి పుట్టు రెండవదానిది మిగిలిన స్వల్పభాగము.

మొదటి జన్యువు చెడిన జీవులు గ్లూకోజుపై మందముగాఁ బెరుగును. అట్టివానియందు, రెండవ జన్యువునకు ముందున్న నియంత్రణస్థానమున మార్పు కలిగి, ఆ ఎంజైము విశేషముగాఁ బుట్టినచో, లోపము చాలవఱకుఁ దీఱును. కావున ఒకటి యింకొకదాని పనిని చేయఁగలదనుట నిశ్చయము. అంతమాత్రమున నవి తోఁబుట్టువులు కావు. మొదటిదాని గొలుసున 320 అమినో ఆమ్లములు, రెండవదానియందు 309 గలవు. పొడవులు దగ్గఱవే యైనను, వాని వరుసలయందు పోలిక లేదు. రెండవది రైబోకైనేజు కుటుంబమునకుఁ జెందినది. అనఁగా రెండు వేఱు వంశములు ఒకే కార్యమునకు వచ్చి చేరినవి.

ఇందుకు భిన్నమైన ఉదాహరణము అదే మార్గము తుదను గలదు. పైరువేటు కైనేజులు రెండు: ‘పి.వై.కె.-ఎఫ్’, ‘పి.వై.కె.-ఎ’ జన్యువులవి. వీని గొలుసులు 470, 480 అమినో ఆమ్లములు కలవి. వరుసలయందలి పోలిక ఏకమూలమును చాటుచున్నది. ఫ్రక్టోజు-1,6-బిస్ఫాస్ఫేటు మొదటిదానిని, ఎ.ఎం.పి. రెండవదానిని ఉత్తేజపఱచును. ఇవి యొకే ధాతువునుండి వెడలి, ప్రయోగమున వేఱుపడిన పదములవంటివి.

1966లో డెమెరెక్ ప్రభృతులు సూక్ష్మజీవుల జన్యువులకు మూఁడక్షరముల పేరును, దానిపై నొక భేదకాక్షరమును విధించిరి. ఈ పద్ధతి కార్యమును తెలుపును గాని వంశమును తెలుపదు. 1959లో మార్కర్ట్, మోలర్ కల్పించిన ‘ఐసోజైము’ అను పేరును అట్టిదే. పై రెండు జంటలకును ఆ పేరొక్కటే చెల్లుచున్నది.

ఇది పేరుల తగవు మాత్రము కాదు. 1997లో ఈ జీవి జన్యురాశి 46,39,221 అక్షరజతలుగాఁ బ్రకటింపఁబడెను. అట్టి రాశులయందు, తెలియని జన్యువుల కార్యమును వరుసల పోలికనుబట్టి ఊహించుట పరిపాటి. మొదటి ఫాస్ఫోఫ్రక్టోకైనేజు పోలికను మాత్రమే వెదకువానికి రెండవది కనఁబడదు. ఆ జీవియందా కార్యమే లేదని భ్రమించుటకు అవకాశము గలదు. రైబోకైనేజు కుటుంబమువారెల్ల నిదే పని చేయుదురనుటయుఁ దప్పు. అందు అడినోసిన్ కైనేజు వంటి అన్యకార్యములు గలవియు నున్నవి.

‘ఐసోజైము’ను ‘సమరూప ఎంజైము’ అని తెలిఁగించినచో, రూపమున సామ్యమున్నట్లు పాఠకునకుఁ దోఁచును. ‘సమకార్య ఎంజైము’ అనుట యుక్తము. ఏకమూలము నిరూపితమైన చోట మాత్రము ‘జ్ఞాతి’ శబ్దమును చేర్చి ‘జ్ఞాతి సమకార్య ఎంజైములు’ అనవలెను. పైరువేటు కైనేజుల జంట అట్టిది. ఫాస్ఫోఫ్రక్టోకైనేజుల జంట అట్టిది కాదు.