డీజిలు పికప్ బండి కొనుటకు ముందు

సాంచాల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన మన షోలాపూరు పిల్లవాడు పికప్ బండి కొనదలచినప్పుడు అంగడివానిని మొదట అడుగు ప్రశ్న "దీని పవరెంత?" అనునది. రెండవది "లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇచ్చును?" అనునది. మూడవ ప్రశ్న అడుగువారు అరుదు. బండి నెలలో ఎన్ని దినములు షెడ్డులో పడియుండును? కిస్తీ కట్టించునదియు, కట్టనీయనిదియు ఈ మూడవదే.

ఇది మేము ఊహించి వ్రాయుచున్న మాట కాదు. మన సభ్యుడొకరు రెండు సాంచాలు అమ్మి, మిగిలినది అప్పు చేసి, కుమారునికి డీజిలు బండి కొని యిచ్చినారు. సైజింగు వద్దనుండి కార్ఖానాకు, కార్ఖానానుండి అద్దకమునకు, అక్కడినుండి ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు తిరుగుటకే ఆ బండి. నాలుగు నెలలు బాగుగా నడచినది. అయిదవ నెలలో ఎదుట పసుపు దీపము వెలిగినది. పిల్లవాడు లెక్కచేయలేదు. పదునైదు దినములకు బండి గుంజుట మానివేసినది. పెద్ద షెడ్డులో పండ్రెండు దినములు నిలిచినది. ఆ పండ్రెండు దినములును సరుకు అద్దె బండ్లలో పోయినది, కిస్తీ మాత్రము ఆగలేదు. బండిలో లోపమేమియు లేదని తుదకు తేలినది. ఆ పనికి ఆ బండి తగదు, అంతే. కనుకనే ఈ పాఠము వ్రాయవలసి వచ్చినది.

మొదట సరుకు సంగతి. మన సరుకు రెండు విధములు. నూలు బరువైనది, చోటు తక్కువ పట్టును. 50 కిలోల కోను సంచులు 30 వేసినచో 1500 కిలోలగును గాని, బాడీ నిండినట్లు కూడ కనబడదు. అందుచేతనే "ఇంకొక పది వేయుము" అను మాట పుట్టుచున్నది. టవళ్ళ మూటలు ఇందుకు భిన్నము. క్యాబిను కంటె ఎత్తుగా కట్టినను టన్ను కూడ కాకపోవచ్చును. బీములు వేరొక తీరు, వాటికి బరువుకంటె పొడవు ముఖ్యము. వెనుక తలుపు తెరచి బీమును బయటికి చాచుకొని పోవుట ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. కావున అంగడికి పోవునప్పుడు చేత టేపు పట్టుకొని పొండు. బీము పొడవు మీకు తెలిసినదే, బాడీ పొడవు వారి కాగితముపై చూచుకొనుటకు మారు మీరే కొలువుడు.

బరువు విషయములో చట్టము కొన్ని అంకెలు పెట్టినది. బండి బరువును, సరుకు బరువును, మనుష్యుల బరువును కలిపిన మొత్తము ఆర్.సి.లో వ్రాసియుండును. ఆ మొత్తము 3000 కిలోలు మించని సరుకు బండికి 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము పర్మిటు అవసరము లేదు. చాల పికప్ బండ్ల కాగితములపై 2990 అను చిత్రమైన అంకె కనబడుటకు కారణమిదే. లైసెన్సు సంగతి కూడ కొందరడిగినారు. మొత్తము బరువు 7500 కిలోలు మించని సరుకు బండిని సాధారణ ఎల్.ఎం.వి. లైసెన్సుతో నడుపవచ్చునని సుప్రీము కోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరులో తీర్పు చెప్పినది. ఇక అధిక భారమునకు 2019లో సవరించిన చట్టములో 20,000 రూపాయల జరిమానా, దానిపై ప్రతి అదనపు టన్నుకు మరి 2,000 కలదు. పది సంచులు ఎక్కువ వేసి మిగిల్చునది ఎంత, ఒక్కసారి పట్టుబడినచో పోవునది ఎంత అన్నది మన ఆసాములకు నేర్పవలసిన లెక్క కాదు.

ఇప్పుడు బలము. ఇక్కడ రెండు మాటలు కలిసిపోవుచున్నవి. వాటిని విడదీయక తప్పదు. ఒకటి టార్కు, అనగా తిప్పుబలము. నిండు బీమును ఆగియున్న చోటునుండి మొదటి చుట్టు తిప్పుటకు చేతికి ఎంత బలము కావలెనో తలచుకొండు, అది టార్కు. అదే బలముతో నిమిషమునకు ఎన్ని చుట్లు తిప్పగలరో అది కూడ చేర్చినప్పుడు వచ్చునది అశ్వశక్తి. 200 న్యూటన్ మీటర్ల టార్కు గల ఇంజను నిమిషమునకు 1500 చుట్ల వద్ద ఇచ్చునది సుమారు 43 అశ్వశక్తులు మాత్రమే. ప్రకటనలో 75 అని వ్రాసినను, అది 3200 చుట్లో ఇంకను పైనో ఇంజను అరచుచున్నప్పటి మాట. మన డ్రైవర్లు బండిని ఆ చుట్లలో నడుపరు, నడుపకూడదు కూడ. కావున 'ఎన్ని అశ్వశక్తులు' అని గాక, 'పూర్తి టార్కు ఎన్ని చుట్లకు మొదలగును, ఎన్నింటివరకు నిలుచును' అని అడుగుడు. 1400 నుండి 2200 వరకు నిలుచు ఇంజనుతో, నిండు బరువు మీద కూడ మాటిమాటికి గేరు మార్చనక్కరలేదు.

అసలు మనకు కావలసినదెంత? మొత్తము 3000 కిలోల బండి, ఇరువది అడుగులకు ఒక అడుగు లేచు ఎత్తును గంటకు 40 కిలోమీటర్ల వేగముతో ఎక్కుటకు, టైర్ల రాపిడిని గాలి అడ్డును కలుపుకొని, సుమారు 30 అశ్వశక్తులు చాలును. సమతలమున 60 కిలోమీటర్ల వేగమునకు 16 మొదలు 20 వరకు పట్టును. తుల్జాపురము ఘాటైనను, పూనా దాటి బొంబాయి పోవు దారిలోని ఖండాలా ఘాటైనను, నేడు దొరకు ఏ పికప్పును బరువు మించనంతవరకు ఎక్కలేక ఆగదు. 75కు మారు 100 అశ్వశక్తులు కొన్నవాడు ఘాటులో నాలుగు నిమిషములు ముందు చేరును. ఆ నాలుగు నిమిషములకు గిరాకీ యున్నవాడు కొనవచ్చును.

డీజిలు ఇంజను పొదుపునకు మూలము దాని పుట్టుకలోనే యున్నది. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గు నగరమున నడిపి చూపిన యంత్రములో నిప్పురవ్వ లేదు. గాలిని గట్టిగా అదిమినచో అది తానే వేడెక్కును, ఆ వేడికి చిమ్మిన నూనె మండును. నేటి ఇంజన్లలో గాలి తన పరిమాణములో 16వ, 17వ వంతుకు అదుమబడుచున్నది. పెట్రోలు ఇంజను ఇంతగా అదుమలేదు. బండి మెల్లగా పోవునప్పుడు పెట్రోలు ఇంజను గాలి దారిని మూసి వృథా శ్రమపడును, డీజిలుకు ఆ బాధ చాలవరకు లేదు. నెమ్మదిగా, బరువుతో, దూరము పోవు పనిలో డీజిలు గెలుచుటకు ఇదియే కారణము.

దూరము అను మాటను గట్టిగా పట్టుకొండు. నెలకు 3000 కిలోమీటర్లు తిరుగు బండి లీటరుకు 12 ఇచ్చినచో 250 లీటర్లు, 14 ఇచ్చినచో 214 లీటర్లు త్రాగును. లీటరు 90 రూపాయలు అనుకొన్నచో నెలకు సుమారు 3,200 రూపాయల తేడా, అనగా కిస్తీలో చెప్పుకోదగ్గ భాగము. అదే బండి ఊరిలోనే 800 కిలోమీటర్లు తిరిగినచో తేడా సుమారు 860 రూపాయలు. దీనికొరకు లక్ష రూపాయలు ఎక్కువ పెట్టి బండి కొనుట తొమ్మిది సంవత్సరములు దాటిన గాని తీరని బేరము.

అంగడివాడు చెప్పు మైలేజీ ఖాళీ బండిదో, పరీక్షాశాలదో అయియుండును. మీ బండి లెక్క మీరే తీయవలెను. ట్యాంకు మెడవరకు నింపి మీటరు వ్రాసికొండు. నాలుగు ట్యాంకులు కాలిన పిదప అదే పంపులో మరల మెడవరకు నింపి, తిరిగిన దూరమును పోసిన లీటర్లచే భాగింపుడు. ఒక్క ట్యాంకు లెక్క నమ్మదగినది కాదు. ఇంకొక మాట. గాలి అడ్డు వేగమునకు వర్గముగా పెరుగును. 60 నుండి 80కి పోయినచో ఆ అడ్డు ముప్పాతిక వంతునకు పైగా ఎక్కువగును. ఎత్తుగా టవళ్ళ మూటలు కట్టిన బండికి ఇది మరింత తగులును. హైదరాబాదు దారిలో, అనగా 65వ జాతీయ రహదారిలో, రాత్రి 80 మీద పోవు మన కుర్రవాండ్రు గంట ముందు చేరి డీజిలు కాల్చివేయుచున్నారు. టార్పాలిను అంచులు కొట్టుకొనకుండ బిగించి కట్టుట కూడ పొదుపే. నూలు తడియకుండుట ఎటులను కావలసినదే గదా.

ఇక నమ్మకము. ఈ పాఠములో అసలు సంగతి ఇది.

2020 ఏప్రిల్ 1 నుండి మన దేశమున అమ్ముడగు బండ్లకు భారత్ స్టేజి 6 నియమములు వచ్చినవి. నాలుగునుండి అయిదు లేకయే ఆరునకు దుమికినాము. ఇంధనములో గంధకము పది లక్షలకు 50 పాళ్ళనుండి 10 పాళ్ళకు తగ్గినది. డీజిలు బండ్ల పొగగొట్టములో మసిని పట్టు జల్లెడ వంటి ఫిల్టరు చేరినది. దానిని డి.పి.ఎఫ్. అందురు. ఇంజను విడుచు నల్లని మసి దానిలో నిలుచును. అది నిండుచుండగా, బండి తానే కొంచెము ఎక్కువ ఇంధనము కాల్చి, పొగగొట్టమును సుమారు 600 డిగ్రీలకు వేడిచేసి, మసిని బూడిద చేయును. ఇందుకు బండి ఆగకుండ ఒక వేగము మీద పదునైదు ఇరువది నిమిషములు పోవలెను. రహదారి బండికి ఇది తెలియకయే జరిగిపోవును. మూడు మైళ్ళు పోయి ఆగి, అరగంటకు మరల రెండు మైళ్ళు పోయి ఆగు బండికి ఆ పని సగములో ఆగిపోవుచుండును. మసి పేరుకొనును. పసుపు దీపము వెలుగును. అప్పుడైన బండిని ఊరి బయటికి తీసికొనిపోయి అరగంట రహదారిపై నడపినచో చాలవరకు తేరుకొనును. ఉపేక్షించినచో ఇంజను తన బలమును తానే తగ్గించుకొనును, ఆ పిదప షెడ్డు తప్పదు.

మన సభ్యుని బండికి జరిగినది ఇదే. అమ్మిన వారు ఈ సంగతి ఒక్క మాట చెప్పలేదు. పుస్తకములో ఇంగ్లీషున ఉన్నది గాని చదువువారెవరు? కొందరు మేస్త్రీలు "ఆ ఫిల్టరు తీసివేసెదము, బాధ వదలును" అందురు. అటులు చేయుట చట్టవిరుద్ధము. ఇంజను కంప్యూటరు కూడ తికమకపడును, గ్యారంటీ పోవును, అమ్ముకొనునప్పుడు ధర పోవును. ఊరిలోనే తిరుగువారు డీజిలు మాట మరచి సి.ఎన్.జి. బండినో విద్యుత్ బండినో చూచుట మేలు. వాటికి ఈ మసి ఫిల్టరు బాధ లేదు. డీజిలు పాఠములో ఇటులు వ్రాయుట వింతగా తోచవచ్చును గాని, సగముమంది సభ్యులకు మేము చెప్పదగిన సలహా ఇదే.

డీజిలే కావలసినవారు మరి రెండు జాగ్రత్తలు పడవలెను. నేటి ఇంజన్లలో నూనెను వేయి బారులు మించిన ఒత్తిడితో చిమ్ముదురు. ఆ సూది రంధ్రములకు నీటి చుక్క శత్రువు, కల్తీ అంతకంటె శత్రువు. ఇంధన ఫిల్టరు అడుగున నీరు నిలుచు గిన్నె యుండును, దానిని వానకాలములో తరచుగా విడువవలెను. ఇంజను నూనె కూడ తక్కువ బూడిద మిగిల్చు రకమే పోయవలెను. చౌక నూనె బూడిద ఫిల్టరులో శాశ్వతముగా నిలిచిపోవును, ఏ వేడికిని కాలదు.

పేర్లు చెప్పుడని అడుగుదురు. మహీంద్రా బొలేరో పికప్ 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల పాత వంశపు ఇంజను. మన వైపు దాని పని తెలియని మేస్త్రీ లేడు. 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్ సుమారు లీటరున్నర మూడు సిలిండర్లది, తేలిక, పొదుపు చూచువారికి తగినది. టాటా యోధా 2.2 లీటర్లది, సుమారు 100 అశ్వశక్తులతో మూటిలో బలమైనది, బీములు నూలు కలిపి దూరము తోలువారు చూడవలసినది. ఈ మూటిలో ఏది మేలని మేము తీర్పు చెప్పము. మీ ఇంటికి ఏ షెడ్డు దగ్గర, ఆ షెడ్డులో కంప్యూటరు పెట్టి చూచు మనిషి ఉన్నాడా, క్లచ్చి పళ్ళెము ఆ దినమే దొరకునా, ఆ బండి గల ఇద్దరు మనవారు ఏమనుచున్నారు, ఇవి అడిగిన పిదప పేరు దానంతట అదే తేలును.

పాత బండి కొనువారు ఉదయము చల్లని ఇంజను మీదనే చూడవలెను. ముందే వేడిచేసి యుంచినచో అనుమానింపుడు. నీలి పొగ నూనె మండుటకు గుర్తు. నల్ల పొగ కనబడినచో మసి ఫిల్టరు ఉన్నదా, తీసివేసినారా అని క్రిందికి వంగి చూడుడు. అప్పు తీరిన కాగితము బ్యాంకునుండి చేతికి రానిదే సొమ్ము ఈయరాదు.

క్రొత్త బండియైనను ఖాళీగా తోలి చూచి సంతకము పెట్టవద్దు. ఇరువది నూలు సంచులు వేయించి, తుల్జాపురము ఘాటుదాక పోయి రండు, రాకపోకలకు తొంబది కిలోమీటర్లు. ఘాటు మధ్య ఆపించి, మరల మొదటి గేరులో బయలుదేరదీయుడు. క్లచ్చి వాసన వచ్చినదా, వెనుక బద్దీలు ఎంత వంగినవి, దిగునప్పుడు రెండవ గేరు బండిని పట్టి నిలిపినదా అన్నవి చూచుకొండు. సంచులు ఇచ్చుటకు అంగడివాడు ఒప్పుకొననిచో మన సంఘ గోదామునుండి తీసికొనిపోవచ్చును, ముందుదినము చెప్పిన చాలును.