కఠిన జలం: తప్పు చేతిది కాదు, నీళ్లది

ఈసారి గోడ పత్రికలో నేను నీళ్ల గురించి రాస్తున్నాను. సైన్సులో కఠిన జలం, మృదు జలం అని చదువుకున్నాము కదా. పరీక్షకి బట్టీ పట్టి మరిచిపోయే పాఠం అనుకున్నాను. కానీ అది మా అక్క సంగతే అని తరవాత తెలిసింది.

మా అక్క విశాఖపట్నం చివర ఒక కాలనీలో ఇంటి పని చేస్తాది. సంక్రాంతి సెలవుల్లో నేను నాలుగు రోజులు అక్క దగ్గర ఉన్నాను. ఆ కాలనీలో కుళాయి తిప్పితే వచ్చేది బోరు నీళ్లే. మోటారుతో మేడ మీద ట్యాంకులోకి ఎక్కించి వదులుతారు. చూడడానికి మన గెడ్డ నీళ్ల కంటే తేటగా ఉన్నాయి. కానీ అక్క తోమిన స్టీలు గిన్నెలు ఆరగానే తెల్ల మచ్చలు. ఉతికిన తెల్ల చొక్కాలు బూడిద రంగు. మా అమ్మ ఊరి నుంచి పంపిన రాజ్‌మా రాత్రంతా నానబెట్టి ఎంత ఉడికించినా గింజ గట్టిగానే ఉంది. ఆ ఇంటి అమ్మగారు, "మీ కొండోళ్లకి గిన్నెలు తోమడం కూడా రాదా? గింజలు కూడా మీలాగే ఉన్నాయి" అన్నారు. అక్క ఏమీ అనలేదు. ఇంకా సబ్బు వేసి, ఇంకా గట్టిగా పీచుతో తోమింది. అక్క వేళ్లు పగిలి ఉన్నాయి.

నేను వచ్చేటప్పుడు ఒక సీసాలో ఆ నీళ్లు పట్టుకుని వచ్చాను.

కఠిన జలం అంటే ఏమిటి?

కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా కరిగి ఉన్న నీటిని కఠిన జలం అంటారు. సబ్బుతో సులభంగా నురగ ఇవ్వదు. వాన నీళ్లలో ఈ లవణాలు దాదాపు ఉండవు. వాన నీరు నేలలోకి ఇంకేటప్పుడు గాలిలోని, మట్టిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ని కలుపుకుంటాది. అప్పుడు దానికి సున్నపురాయిని కరిగించే గుణం వస్తాది. అలా రాళ్ల పొరల్లో చాలాకాలం ఉన్న నీరే బోరులో పైకి వస్తాది.

మన అనంతగిరి కొండల్లో బొర్రా గుహలు అలాగే ఏర్పడ్డాయి. నీరు సున్నపురాయిని కరిగించి గుహ చేసింది. పైనుంచి చుక్కచుక్కగా కారుతూ ఆ సున్నాన్నే మళ్లీ వదిలి రాతి స్తంభాలు కట్టింది. అక్కడ వేల ఏళ్లు పట్టిన పని అక్క వాళ్ల హీటరు కడ్డీ మీద కొన్ని నెలల్లో అయిపోతాది!

ఇది రెండు రకాలు:

1. తాత్కాలిక కాఠిన్యం – బైకార్బొనేట్ల వల్ల. నీళ్లు మరిగిస్తే చాలావరకు పోతుంది.
కాల్షియం బైకార్బొనేట్ → కాల్షియం కార్బొనేట్ + నీరు + కార్బన్ డై ఆక్సైడ్. ఈ కాల్షియం కార్బొనేటే గిన్నె అడుగున కనిపించే తెల్ల గార.

2. శాశ్వత కాఠిన్యం – సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల. మరిగించినా పోదు. చాకలిసోడా (సోడియం కార్బొనేట్) వేస్తే కాల్షియం అడుగుకి దిగుతాది.

మన దేశంలో తాగే నీటికి 2012 ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట 600 వరకు ఒప్పుకుంటారు.

ఇంట్లో ఏం జరుగుతాది?

బట్టలు: సబ్బు ముందు కాల్షియంతో కలిసి తెట్టులా అయిపోతాది. అది గుడ్డకి అంటుకుని రంగు మాపుతాది. మురికి వదిలించడానికి సబ్బు మిగలదు. డిటర్జెంటు పొడి అయితే అంత తెట్టు కట్టదు.

గిన్నెలు: తోమేటప్పుడు మచ్చ ఉండదు. కడిగిన నీళ్లు ఆరిపోయాక అందులోని లవణం మిగిలి మచ్చ అవుతాది. అందుకే ఎంత గట్టిగా తోమినా లాభం లేదు. ఆరకముందే పొడిగుడ్డతో తుడవాలి.

పప్పులు: కాల్షియం గింజ తొక్కని, కణాల గోడలని గట్టి చేస్తాది. అందుకే ఉడకడానికి ఎక్కువ సేపు పడతాది.

హీటరు: కడ్డీకి గార పడితే వేడి నీళ్లకి సరిగ్గా అందదు. కడ్డీ తొందరగా పాడవుతాది.

ఒళ్లు: సబ్బు తెట్టు చర్మం మీద, జుట్టు మీద మిగిలి పొడిబారుతాది.

తాగితే మూత్రపిండాల్లో రాళ్లు వస్తాయని కాలనీలో అందరూ అంటారు. కఠిన జలం వల్లే రాళ్లు వస్తాయని శాస్త్రం తేల్చలేదు. కాల్షియం మన ఎముకలకి కావాలి కూడా.

నేను చేసిన ప్రయోగం

సైన్సు టీచరు గారి ముందు మూడు సీసాల్లో సమానంగా నీళ్లు పోశాను. కొంచెం సబ్బు తురిమి కరిగించి, చుక్క చుక్క వేస్తూ ఊపాను. నురగ నిలవడానికి గెడ్డ నీళ్లకి 5 చుక్కలు, మన హాస్టలు బోరుకి 11 చుక్కలు, అక్క వాళ్ల నీళ్లకి 26 చుక్కలు పట్టాయి. మీరూ చేసి చూడండి. మనకి ఇచ్చే సబ్బు నెలాఖరు దాకా ఎందుకు రావడం లేదో కూడా దీంట్లో తెలుస్తాది. వాన పడినప్పుడు చూరు నీళ్లు పట్టుకుని ఉతికితే సబ్బు మిగులుతాది.

ఏం చేయాలి?

1. పప్పు, రాజ్‌మా నానబెట్టడానికి, ఉడికించడానికి మరిగించి చల్లార్చి, పైన తేరిన నీళ్లు వాడాలి.
2. బట్టల నీళ్లలో ముందు కొంచెం చాకలిసోడా వేసి కర్రతో కలిపి, తేరాక సబ్బు వాడాలి. పగిలిన చేతులు అందులో పెట్టకూడదు, మండుతాది.
3. గార పట్టిన గిన్నెకి చింతపండు గాని నిమ్మకాయ గాని రాసి కాసేపు ఉంచి తోమాలి. ఆమ్లం గారని కరిగిస్తాది.

ఆదివారం వార్డెను మేడం గారి ఫోనులో అక్కకి ఇవన్నీ చెప్పాను. తరవాతి వారం అక్క చెప్పింది: చింతపండుతో గిన్నెలు మెరిశాయి, రాజ్‌మా కూడా ఉడికింది. అమ్మగారు ఏమీ అనలేదంట. కానీ అక్క ఇంతకుముందు "నాకే చేతకాదేమో చెల్లీ" అనేది. ఈసారి ఆ మాట అనలేదు.

మా అమ్మ బడికి వెళ్లలేదు. కానీ ఏ ఊట నీళ్లకి గింజ ఉడుకుతాదో, ఏ ఊట నీళ్లకి ఉడకదో మా ఊళ్లో అందరికంటే బాగా చెబుతాది. అది ఎందుకో నేను బడిలో నేర్చుకున్నాను. ఇక సెలవులకి వెళ్లి అమ్మకి చెప్పాలి.

– 9వ తరగతి విద్యార్థిని