పడవ వచ్చేదాకా ఏం చేయాలి?



బీచ్‌కు వెళ్లినప్పుడు పిల్లలకు మనం చెప్పే మాట ఒకటే: "లోపలికి వెళ్లొద్దు." పొరపాటున వెళ్లి, కాళ్లకు నేల అందకపోతే ఏం చేయాలో మాత్రం చెప్పం. ఆ రెండో మాటను బ్రిటన్, ఐర్లాండ్ తీరాల్లోని లైఫ్‌బోట్ సిబ్బంది నుంచి నేర్చుకుందాం.

అక్కడ ఆర్‌ఎన్‌ఎల్‌ఐ అనే స్వచ్ఛంద సంస్థ 1824 నుంచి సముద్రంలో ప్రాణాలు కాపాడుతోంది. ఓడలు మునిగిపోవడం దగ్గరగా చూసిన సర్ విలియం హిల్లరీ చొరవతో అది మొదలైంది. నేటికీ ప్రధానంగా విరాళాలతోనే నడుస్తోంది. లైఫ్‌బోట్ సిబ్బందిలో ఎక్కువమంది వాలంటీర్లే. పేజర్ మోగగానే చేతిలో పని వదిలేసి స్టేషన్‌కు పరుగెత్తుతారు. వీరు కేవలం ధైర్యాన్ని నమ్ముకుని వెళ్లరు. శిక్షణ పొందుతారు, లైఫ్‌జాకెట్ వేసుకుంటారు. అయినా 1981 డిసెంబర్ 19న ఇంగ్లాండ్‌లోని పెన్లీ లైఫ్‌బోట్ తుఫానులో చిక్కుకుని, అందులోని సిబ్బంది 8 మందీ చనిపోయారు. సముద్రం అంత బలమైనది.

పడవ ఎంత త్వరగా బయల్దేరినా, చేరడానికి సమయం పడుతుంది. ఆ కొద్ది నిమిషాలు బతికి ఉండటం నీళ్లలో ఉన్నవారి చేతిలోనే ఉంది. అందుకే ఆ సంస్థ అందరికీ నేర్పే పాఠం: ముందు తేలండి.

పిల్లలకు ఇలా చెప్పండి:
• గాబరాగా చేతులు కాళ్లు కొట్టుకోవద్దు. తల వెనక్కి వాల్చి, చెవులు నీళ్లలో మునిగేలా వెల్లకిలా తేలాలి.
• మామూలుగా ఊపిరి తీసుకుంటూ చేతులు నెమ్మదిగా ఆడించాలి. కాళ్లు కిందికి దిగినా ఫర్వాలేదు.
• ఊపిరి కుదుటపడ్డాక చెయ్యెత్తి, కేక వేసి సాయం అడగాలి.
• నీళ్లు లోపలికి లాగేస్తుంటే ఎదురీదవద్దు. అది రిప్ కరెంట్. విశాఖ ఆర్కే బీచ్‌లోనూ ఇవి ఉంటాయి. ఈత వస్తే తీరం వెంబడి పక్కకు ఈది బయటపడాలి.

ఇక మనకో మాట. బిడ్డ కొట్టుకుపోతుంటే ఏ తల్లికైనా, తండ్రికైనా దూకేయాలనే అనిపిస్తుంది. కానీ అలా దూకితే ఒక ప్రాణానికి బదులు రెండు ప్రాణాలు ప్రమాదంలో పడతాయి. లైఫ్‌గార్డ్‌ను పిలవండి, 112కు ఫోన్ చేయండి. మూత బిగించిన ఖాళీ క్యాన్ లాంటి తేలే వస్తువు విసరండి. "వెల్లకిలా తేలు!" అని అరవండి.

ఈ నెల ఇంట్లో చేయాల్సిన పని: కోచ్ ఉన్న స్విమ్మింగ్ పూల్‌లో మీ అబ్బాయి లేదా అమ్మాయి చేత వెల్లకిలా తేలడం సాధన చేయించండి. వీలైతే మీరూ నేర్చుకోండి. సముద్రంలో మాత్రం లైఫ్‌గార్డ్ ఉన్నచోటే దిగండి.