పది దివిటీలు
సండే స్కూలు ఉపాధ్యాయులకును తలిదండ్రులకును ఒక పాఠము

చదువవలసిన భాగములు: మత్తయి 25:1–13, న్యాయాధిపతులు 7:16–20
కంఠస్థ వాక్యము: మత్తయి 25:13



క్రిస్మసు దినములలోను కోతపండుగలోను మన పిల్లలు బైబిలు కథలను నాటకములుగా చూపుట వాడుక. పదిమంది కన్యకల ఉపమానము అట్టి కథలలో ఒకటి. అందులో పదిమందికి వేషములు దొరకును, మాటలు కొద్దిగానే యుండును, గనుక చిన్నపిల్లలును నేర్చుకొనగలరు. అయితే పదిమంది చేతులలోను వెలుగుచున్న దివిటీలు ఉండవలెను గదా! వాటిని ఎట్లు చేయవలెనో ఈ నెల ఆలోచింతము.

1. వాక్యమును చూతము

అనేక నాటకములలో బుద్ధిగలవారికి వెలుగుచున్న దీపములును, బుద్ధిలేనివారికి ఆరిన దీపములును మొదటినుండియే ఇత్తురు. వాక్యము అట్లు చెప్పుటలేదు. పదిమందియు దివిటీలు పట్టుకొని బయలుదేరిరి. పెండ్లికుమారుడు ఆలస్యము చేయగా పదిమందియు కునికి నిద్రించిరి. అర్ధరాత్రి కేక వినబడినప్పుడు పదిమందియు లేచిరి. అప్పుడు మాత్రమే అయిదుగురి దివిటీలు ఆరిపోసాగెను. భేదము దివిటీలో లేదు; వేరుగా సిద్దెలలో తెచ్చుకొనిన నూనెలో ఉన్నది.

పూర్వము మన గ్రామములలో పెండ్లి ఊరేగింపులకు దివిటీలు పట్టెడివారు. కర్రకు గుడ్డ చుట్టి నూనెలో తడిపి వెలిగింతురు. నూనె అయిపోగానే గుడ్డ కాలిపోవును గనుక మరల మరల నూనె పోయవలెను. ఇది తెలిసిన పెద్దలకు ఆ అయిదుగురి తప్పు ఏమిటో చెప్పనక్కరలేదు.

కాబట్టి మనము చేయు దివిటీలకు మూడు నియమములు కలవు. పదియు ఒక్కతీరుగా నుండవలెను. మొదట పదియు వెలుగవలెను. తగిన సమయమున అయిదు ఆరిపోవలెను.

2. నిప్పు ఎందుకు వద్దు?

కొవ్వొత్తి గాని కిరోసిను గుడ్డ గాని పిల్లల చేతికి ఇయ్యకుడి. ఈ కథలో పిల్లలు నిద్రించినట్లు నటింపవలెను, త్రుళ్లిపడి లేవవలెను, తలుపునొద్దకు పరుగెత్తవలెను. పైట కొంగులు, కాగితపు కిరీటములు, పందిరి తాటాకులు దగ్గరనే యుండును. నూలు బట్ట త్వరగా అంటుకొనును. నైలాను బట్ట కరగి చర్మమునకు అంటుకొని లోతుగా కాల్చును. ఒక్క నిమిషపు అందము కొరకు బిడ్డ బ్రదుకంతయు మచ్చలు మోయుట న్యాయమా? గిద్యోను చేతిక్రింద నిప్పు దివిటీలు పట్టినవారు ఎదిగిన యోధులు, మనవారు పసివారు.

3. ఒక దివిటీకి కావలసినవి

పాత వార్తాపత్రికలు, మైదా జిగురు. కంది గింజంత ఎల్‌.ఇ.డి. బల్బులు రెండు, పసుపుది ఒకటి, ఎరుపుది ఒకటి. 68 ఓముల రెసిస్టర్లు రెండు (వాటిపై నీలము, బూడిద, నలుపు గీతలు వరుసగా నుండును). రెండు పెన్సిలు సెల్లులు పట్టు డబ్బా, స్విచ్చియు మరతో బిగించు మూతయు గలది. సన్నని తీగ, నల్లని టేపు. పసుపు, నారింజ రంగుల పలుచని కాగితము.

4. చేయు విధము

వార్తాపత్రికలను జిగురు పూసి గట్టిగా చుట్టి, ఒక అడుగు పొడవు గల గొట్టము చేసి ఎండనియ్యుడి. ఇది కర్రకంటె తేలిక. పిల్లలు ఒకరినొకరు తగిలినను గాయము కాదు.

బల్బునకు రెండు కాళ్లుండును. పొడవైనది కూడిక వైపు, పొట్టిది తీసివేత వైపు. ఒక్కొక్క పొడవు కాలికి ఒక్కొక్క రెసిస్టరును మెలిపెట్టి, ఆ రెండు రెసిస్టర్ల చివరలను కలిపి డబ్బాయొక్క ఎర్ర తీగకు చేర్చుడి. పొట్టి కాళ్లు రెండును నల్ల తీగకు చేర్చుడి. ఒక అతుకు మరియొక అతుకును తగులకుండ ప్రతిదానికి టేపు చుట్టుడి. సెల్‌ఫోనులు బాగుచేయువారు మీ ఊరిలో ఉన్నయెడల అతుకులను టంకము వేయించుట మేలు. బల్బు వెలుగనియెడల కాళ్లు తారుమారైనవేమో చూడుడి.

రెసిస్టరు ఎందుకని కొందరు అడుగవచ్చును. రెండు సెల్లులు కలిసి 3 వోల్టులు ఇచ్చును. పసుపు, ఎరుపు బల్బులకు సుమారు 2 వోల్టులు చాలును. మిగిలిన బలమును రెసిస్టరు అదుపులో నుంచును. అది లేనియెడల బల్బు త్వరలో పాడగును.

ఈ బల్బు వెలుగు ఒకే దిక్కునకు పోవును. దాని తలను గరుకు కాగితముతో కొంచెము రుద్దినయెడల వెలుగు నలుదిక్కుల వ్యాపించును. బల్బులను గొట్టము కొనకు పైకి నిలిపి, రంగు కాగితములను జ్వాలవలె కత్తిరించి చుట్టు అంటించుడి. ఇంత చిన్న బల్బు కాగితమును కాల్చునంత వేడి కాదు. డబ్బాను పిల్ల బొటనవ్రేలికి స్విచ్చి అందునట్లు గొట్టమునకు కట్టి, స్విచ్చి తప్ప మిగిలినదంతయు గుడ్డతో కప్పుడి. ఒక జత సెల్లులు అనేక సాయంత్రములకు సరిపోవును.

5. మూడు హెచ్చరికలు

మొదటిది: గుండీవంటి గుండ్రని చిన్న సెల్లులను వాడకుడి. చవకయని కొందరు వాటినే కొందురు. చంటిబిడ్డ అట్టి సెల్లును మ్రింగగా అది అన్నవాహికలో ఇరుక్కొనినయెడల 2 గంటలలోనే లోపల కాల్చివేయగలదు. మ్రింగెనని అనుమానమున్నను వాంతి చేయింపకుడి; బాధ కనబడువరకు కాచియుండకుడి; వెంటనే ఎక్స్‌రే గల ఆసుపత్రికి తీసికొనిపొండి.

రెండవది: గోడ కరెంటుతో వెలుగు సీరియలు దీపములను పిల్లల ఒంటికి ఎన్నడును చుట్టకుడి. ఆ 230 వోల్టులు ప్రాణము తీయగలవు.

మూడవది: పాత సెల్లును క్రొత్తదానితో కలుపకుడి. నాటకమైన తరువాత సెల్లులు తీసి దాచుడి. లేనియెడల అవి కారి డబ్బాను పాడుచేయును.

6. నాటకములో

మొదటి దృశ్యములో పదియు వెలిగియుండవలెను. బుద్ధిగలవారి నడుమునకు మాత్రము ఒక చిన్న సీసా కట్టుడి. అది వారి సిద్దె. అర్ధరాత్రి కేక వినబడిన తరువాత బుద్ధిలేనివారు ఒక్కరొక్కరుగా బొటనవ్రేలితో స్విచ్చి జరుపుదురు. అయిదు దీపములు ఆరుచుండగా సంఘమంతయు నిశ్శబ్దమగును. ఎవరును ప్రసంగము చేయనక్కరలేదు.

ఈ దివిటీలను గిద్యోను కథకును వాడవచ్చును. కాగితపు కుండలో దాచి, కుండ చింపగానే వెలుగు కనబడును.

7. మనము నేర్చుకొనవలసినది

పది దివిటీలను ఒక్కచోట కూర్చుండి ఒక్క ఖర్చుతో చేయుడి. కలిగినవారి బిడ్డ బజారునుండి మెరయుదానిని తెచ్చి, కూలివారి బిడ్డ అట్టముక్కతో నిలువబడినయెడల, ఉపమానము చెప్పనిదానిని మన నాటకము చెప్పును. బుద్ధిలేని కన్యక వేషమును ఎల్లప్పుడు చదువురాని పిల్లకో పేదపిల్లకో ఇయ్యకుడి. చీట్లు వేసి పంచుడి. పైకి పదిమందియు సమానులే. ఎవరిలో నూనె యున్నదో పెండ్లికుమారుడే ఎరుగును.

చూచువారికి జ్వాల కనబడును, గుడ్డ మాటున నున్న సెల్లు కనబడదు. అది లేనిది ఎంత అందమైన దివిటీయైనను ఉత్త కాగితమే. మన ఆరాధన, మన పాటలు, మన తెల్లని వస్త్రములు అట్టివే. మాటున ఏమి యున్నదో ఒక్కొక్కరము పరీక్షించుకొందము. ఒకరి నూనె మరియొకరికి చాలదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. పదిమందియు నిద్రించిరి గదా, అయిదుగురు మాత్రమే ఏల తప్పిపోయిరి?
2. బుద్ధిగలవారు నూనె పంచకపోవుట పిసినారితనమా? ఏల?
3. మన సంఘములో పిల్లలకు వేషములు పంచునప్పుడు ఎవరిని మరచిపోవుచున్నాము?

ప్రార్థనాంశము: మన పండుగలలో ఒక్క బిడ్డయు గాయపడకుండునట్లును, ఒక్క బిడ్డయు చిన్నబుచ్చబడకుండునట్లును ప్రార్థింతము.