లేవని యంత్రం - దొరకని డిస్కు

కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరంటే కొందరికి ఇంద్రజాలంలా తోస్తుంది గాని, ఊహ పాతదే. ఐబీఎమ్ వారు వీఎమ్/370ని 1972లోనే ప్రకటించారు. పర్సనల్ కంప్యూటర్ల మీదికి 1999లో వీఎంవేర్ వర్క్‌స్టేషన్ వచ్చింది. ఈ వర్చువల్ మెషీన్‌కు సొంత ఇనుమంటూ లేదు. అదంతా ఒక ఫోల్డరులో ఉన్న కొన్ని ఫైళ్లే. వాటిలో డిస్కు ఫైలు కనబడకపోతే యంత్రం లేవనని మొండికేస్తుంది.

మా లాబ్‌లో ఒక విద్యార్థి ప్రాజెక్టు పని యావత్తూ ఇలాగే చిక్కుకుంది. "అంతా పోయింది సార్, కొత్త డిస్కు తగిలించి మళ్లీ మొదలెట్టనా?" అన్నాడు. ఆగమన్నాను. ముందు ఫోల్డరు మొత్తాన్నీ వేరేచోట నకలు తీయించి, అందులోనే ఉండే లాగ్ ఫైలు తెరిపించాను. ఏ ఫైలు దొరకలేదో దాంట్లో పేరుతో సహా రాసి ఉంటుంది. చాలామంది ఇది చూడనే చూడరు!

ఇక్కడొక కిటుకు తెలియాలి. చోటంతా ముందే కేటాయించిన డిస్కుకు రెండు ఫైళ్లుంటాయి. వీఎండీకే అనే చిన్న ఫైలు చిరునామా చీటీ లాంటిది, నోట్‌ప్యాడ్‌లో చదవవచ్చు. అసలు సరుకంతా పేరు చివర 'ఫ్లాట్' అని ఉన్న పెద్ద ఫైలులో ఉంటుంది. మావాడికి పోయింది చీటీ మాత్రమే. పెద్ద ఫైలు 21474836480 బైట్లు, అంటే 20 జీబీ. దాన్ని 512తో భాగిస్తే 41943040 సెక్టార్లు. సరిగ్గా అంతే పరిమాణం, అదే రకం గల కొత్త డిస్కును వేరే ఫోల్డరులో సృష్టించి, దాని చీటీని తెచ్చి, లోపల ఫైలు పేరు సరిచేశాం. యంత్రం లేచింది.

ఫ్లాట్ ఫైలే పోతే మాత్రం చీటీ ఎందుకూ కొరగాదు. అప్పుడు ఆ హార్డ్ డిస్కు మీద ఇంకేమీ రాయకుండా ఆపి, బ్యాకప్ వెతుక్కోవాలి.

స్నాప్‌షాట్ల సంగతి మరీ నాజూకు. పేరులో 000001 ఉన్న ఫైలును పాత నకలనుకుని, చోటు కలిసొస్తుందని తుడిచేసే వాళ్లున్నారు. నిజానికి స్నాప్‌షాట్ తీసిన తర్వాత చేసిన పనంతా దాంట్లోనే ఉంటుంది. అది పోతే మూల డిస్కు తెరుచుకుంటుంది గాని, ఆనాటి స్థితికే. పోనీ అని మూలాన్ని ఒంటరిగా నడిపారో, దాని గుర్తింపు సంఖ్య మారిపోతుంది. తర్వాత ఆ 000001 దొరికినా రెండూ ఒకదాన్నొకటి ఒప్పుకోవు. కనుక మూలాన్ని తెరిచి చూడాలంటే నకలు మీదే చూడండి.