కుక్క కరిస్తే పిల్లాడు ముందు ఎవరికి చెబుతాడు?



ఎనిమిదో తరగతిలో సూక్ష్మజీవుల పాఠం చెబుతూ ఈమధ్య ఒక ప్రశ్న అడిగాను. "కుక్క కరిచిందనుకోండి, ముందు ఎవరికి చెబుతారు?" అమ్మకు అని ఎక్కువమంది, డాక్టరుకు అని కొందరు చేతులెత్తారు. వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి లేచి, "ఎవరికీ చెప్పను మేడం" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఎందుకని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి మరీ చెప్పాడు. అమ్మ తిడుతుంది, నాన్న ఇక బయట ఆడుకోనివ్వడు, డాక్టరు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేస్తాడు. సూదుల సంగతి వాళ్ల అవ్వ చెప్పిందట.

అవ్వ చెప్పింది అబద్ధం కాదు. ఆమె కాలంలో గొర్రె మెదడు కణజాలంతో చేసిన టీకా ఉండేది. దాన్ని రోజుకొకటి చొప్పున పొట్ట మీద వేసేవారు. 2005 నాటికి మన దేశంలో ఆ టీకా తయారీ ఆగిపోయింది. ఇప్పటి టీకా భుజం దగ్గర వేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సాధారణంగా చర్మం పొరలో, ఒక్కో చేతికి 0.1 మి.లీ. మాత్రమే ఇస్తారు. ఈ ఒక్క మాట మీ ఇంట్లో పిల్లలకు ఈ రోజే చెప్పండి. కుక్క కరిస్తే ఎవరికి తెలియజేయాలి అన్న జాబితాలో మొదటి కబురు ఆసుపత్రికో మున్సిపాలిటీకో వెళ్లేది కాదు. అది పిల్లాడి నుంచి మీకు రావాలి. అది రాకపోతే మిగతావేవీ మొదలుకావు.

పిల్లలు దాచడానికి ఇంకో కారణం కూడా ఉంది. వాళ్ల తప్పేదో అందులో ఉంటుంది. ట్యూషన్ దారిలో కుక్కపిల్లకు బిస్కెట్ పెట్టి ఉంటారు, పక్కింటి కుక్క తోక లాగి ఉంటారు, వెళ్లొద్దన్న సందులోంచి వెళ్లి ఉంటారు. గాయం చిన్నదైతే ప్యాంటు కింద కనబడదు, నాలుగు రోజుల్లో మానిపోతుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. రేబిస్ వైరస్ గాయం నుంచి నరాల వెంట మెల్లగా మెదడు వైపు సాగుతుంది. సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది, కొన్నిసార్లు వారాల్లోనే చేరుతుంది. అన్ని రోజులూ పిల్లాడు చక్కగా తిని తిరుగుతుంటాడు. నీళ్లంటే భయం, గాలి తగిలినా ఉలిక్కిపడటం లాంటి లక్షణాలు కనబడ్డాక దాదాపు ఎవరూ బతకరు. లక్షణాలు రాకముందు సరైన చికిత్స అందితే మాత్రం దాదాపు అందరినీ కాపాడవచ్చు. ఇంత స్పష్టమైన గీత ఉన్న జబ్బులు వైద్యంలో చాలా తక్కువ.

2025లో ఉత్తరప్రదేశ్‌లో ఒక యువ కబడ్డీ క్రీడాకారుడి సంగతి పత్రికల్లో చదివే ఉంటారు. కాలువలో పడ్డ కుక్కపిల్లను బయటికి తీస్తుంటే అది వేలికి చిన్న గాటు పెట్టింది. ఇంత చిన్నదానికి టీకా ఎందుకని వదిలేశాడు. కొన్ని నెలల తర్వాత రేబిస్‌తో చనిపోయాడు. "కుక్కపిల్లే కదా" అన్న మాట మన ఇళ్లలోనూ వింటుంటాం.

ఇక పిల్లాడు వచ్చి చెప్పాడనుకోండి. తిట్టడానికి తర్వాత బోలెడు సమయం ఉంటుంది, ముందు కొళాయి దగ్గరికి తీసుకెళ్లండి. గాయాన్ని సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి, లేకపోతే రెండు నిమిషాలకే అయిపోయిందనిపిస్తుంది. ఎండాకాలంలో మన హిందూపురం వైపు కొళాయి వంతుల వారీగా వస్తుందని నాకూ తెలుసు. బిందెలో నీళ్లు చెంబుతో ఆగకుండా పోసినా సరే. రేబిస్ వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, సబ్బు ఆ పొరను కరిగిస్తుంది. అందుకే బట్టల సబ్బైనా పనికొస్తుంది. తర్వాత ఇంట్లో ఉంటే అయోడిన్ ద్రావణం రాయవచ్చు. కారం, సున్నం, పసుపు, కాఫీ పొడి, ఆకు పసరు మాత్రం వద్దు. అవి గాయాన్ని ఇంకా రేపుతాయి. గట్టిగా కట్టు కట్టవద్దు.

ఈ 15 నిమిషాలు ఎలా పోతాయో చెబుతాను. కర్ర పట్టుకుని కుక్క వెంట పరుగెత్తడంలో పోతాయి. కుక్క కాటుకు చెప్పుదెబ్బ అన్నది సామెత వరకే బాగుంటుంది. అందులోనూ కుక్కను కొట్టి చంపేస్తే దాన్ని గమనించే అవకాశం పోతుంది. కరిచిన కుక్క లేదా పిల్లి 10 రోజుల తర్వాత కూడా ఆరోగ్యంగా ఉంటే, కరిచిన సమయానికి దాని లాలాజలంలో వైరస్ లేదని అర్థం. అప్పుడు మిగిలిన డోసుల సంగతి డాక్టరు నిర్ణయిస్తారు. అలాగని పది రోజులు చూసి టీకాకు వెళదాం అనుకోవద్దు. టీకా కాటు పడిన రోజే మొదలవ్వాలి, కుక్కను చూడటం దానితోపాటు జరగాలి.

ఆసుపత్రిలో గాయాన్ని మూడు తరగతులుగా చూస్తారు. పుండు, గీరు లేని చర్మాన్ని కుక్క నాకితే చికిత్స అక్కర్లేదు, కడిగితే చాలు. రక్తం రాని గీరు, పైపైన కొరికిన గుర్తు ఉంటే టీకా. రక్తం వచ్చినా, పుండు మీదో నోటిలోనో కంటిలోనో లాలాజలం పడినా మూడో తరగతి. మూడో తరగతికి టీకా ఒక్కటే సరిపోదు, రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి. చాలామంది తల్లిదండ్రులకు తెలియనిది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

టీకా వేశాక పిల్లాడి శరీరం యాంటీబాడీలను తయారుచేసుకోవడానికి వారం పైనే పడుతుంది. ఆ వారంలో వైరస్ ఖాళీగా కూర్చోదు. ఇమ్యునోగ్లోబ్యులిన్ అంటే ముందే తయారై ఉన్న రక్షణ. దాన్ని గాయంలోనే, గాయం చుట్టూనే ఎక్కిస్తారు. మోతాదు బరువును బట్టి ఉంటుంది. గుర్రం సీరం నుంచి తీసినదైతే కిలోకు 40 యూనిట్లు, మనిషి రక్తం నుంచి తీసినదైతే కిలోకు 20. అంటే 25 కిలోల పిల్లాడికి 1,000 లేదా 500 యూనిట్లు. మొదటి టీకాతోపాటే ఇవ్వాలి. ఆ రోజు దొరక్కపోతే మొదటి డోసు నుంచి ఏడు రోజుల లోపు ఇవ్వవచ్చు, ఆ తర్వాత ఇవ్వకూడదు. తల, ముఖం, మెడ, చేతి వేళ్ల మీద కాటు మరీ ప్రమాదం. చిన్నపిల్లల ఎత్తు కుక్క నోటికి దగ్గర కాబట్టి వాళ్లకు అక్కడే పడుతుంది. 2025 ఏప్రిల్‌లో కేరళలోని మలప్పురం జిల్లాలో తలకు కాటు పడిన అయిదేళ్ల పాప, టీకా వేయించినా దక్కలేదు. భయపెట్టడానికి కాదు, తల మీద కాటైతే రేపు ఉదయం ఓపీకి వెళదాం అనుకోవద్దని చెప్పడానికే ఇది రాశాను.

టీకా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. ఫీజు కట్టి చదివించే మనం ఆసుపత్రి అనగానే ప్రైవేటు వైపు నడుస్తాం. వెళ్లండి, తప్పు లేదు. కానీ బయల్దేరే ముందు ఫోన్ చేసి "ఇమ్యునోగ్లోబ్యులిన్ ఉందా?" అని అడగండి. టీకా చాలా చోట్ల ఉంటుంది, ఇది అన్ని చోట్లా ఉండదు. ఊళ్లో ఉన్నవారు పీహెచ్‌సీలో మొదటి టీకా వేయించుకుని, దీనికోసం హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రభుత్వ ఆసుపత్రుల్లో విచారించాలి. గాయం పెద్దదైతే 108కు ఫోన్ చేయండి. అనంతపురం సర్వజన ఆసుపత్రికి పంపినా ఆలస్యం చేయవద్దు. ధనుర్వాతం సూది సంగతి కూడా అక్కడే అడగండి. గాయానికి వెంటనే కుట్లు వేయమని మీరు పట్టుబట్టవద్దు. ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించిన తర్వాతే, అదీ తప్పనిసరైతేనే వేస్తారు.

చర్మం పొరలో ఇచ్చే టీకాకు నాలుగు రోజులు గుర్తుంచుకోవాలి. 0, 3, 7, 28. మొదటి డోసు వేసిన రోజే సున్నా. సోమవారం మొదలైతే గురువారం, పై సోమవారం, మొదటి సోమవారం నుంచి సరిగ్గా నాలుగు వారాలకు చివరిది. కండకు ఇచ్చే పద్ధతిలో 14వ రోజున ఇంకొకటి ఉంటుంది. ఈ చివరి డోసు దగ్గరే మనవాళ్లు జారిపోతారు. గాయం మానిపోయింది, పండగకు ఊరెళ్లాం, యూనిట్ టెస్టులు వచ్చాయి. ఐసీఎంఆర్ దేశవ్యాప్తంగా చేసిన సర్వేలో, కనీసం ఒక డోసు వేయించుకున్నవారిలో దాదాపు సగం మంది కోర్సు పూర్తి చేయలేదని తేలింది. అదే సర్వే ప్రకారం మన దేశంలో ఏటా సుమారు 5,700 మంది రేబిస్‌తో చనిపోతున్నారు. తేదీ తప్పితే మళ్లీ మొదటి నుంచి అక్కర్లేదు, గుర్తొచ్చిన రోజే వెళ్లి కొనసాగించండి. డోసు రోజు పరీక్ష ఉన్నా సరే, క్లాస్ టీచరుకు డైరీలో ఒక్క ముక్క రాయండి, పిల్లాణ్ని పంపిస్తాం. మాంసం, గుడ్డు మానేయాలన్న పథ్యం ఏమీ లేదు. స్నానం చేయవచ్చు. టీకా కార్డును ఫోటో తీసి దాచుకోండి. కోర్సు పూర్తయినవారిని తర్వాతెప్పుడో మళ్లీ కుక్క కరిస్తే సాధారణంగా రెండు డోసులు చాలు, ఇమ్యునోగ్లోబ్యులిన్ అవసరం ఉండదు. విహారయాత్రలో గుడి దగ్గర కోతి గీరినా ఇదే చికిత్స, కానీ కోతికి పది రోజుల లెక్క వర్తించదు.

మొదటి డోసు పడ్డాక మిగతా కబుర్లు పంపాలి. వీధి కుక్క అయితే హిందూపురం, ధర్మవరం, పెనుకొండల్లో మున్సిపల్ కార్యాలయానికి, పల్లెల్లో పంచాయతీ కార్యదర్శికి చెప్పండి. ఏ వీధి, ఏ సమయం, కుక్క రంగు, అంతకుముందు ఇంకెవరినైనా కరిచిందా అన్నవి చీటీ మీద రాసి ఇవ్వండి. నోటిమాటకు రసీదు ఉండదు. 1100కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించినా ఒక నంబరు ఇస్తారు. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధి కుక్కలకు శస్త్రచికిత్స, టీకా చేయించే బాధ్యత స్థానిక సంస్థలదే. కుక్క తూలుతున్నా, చొంగ కారుస్తున్నా, కనబడిన ప్రతిదాన్నీ కరుస్తున్నా పశువైద్యశాలకు లేదా 1962కు చెప్పండి. ఆ వీధిలో ఆవులు, మేకలు, వేరే పిల్లలు కూడా ఉంటారు.

పెంపుడు కుక్క అయితే పని సులువు అనుకుంటాం. నిజానికి కష్టం. పక్కింటివాళ్లు, రేపు ముఖాలు చూసుకోవాలి, "మా టామీకి సూదులన్నీ వేయించాం" అంటారు. మొహమాటపడి ఊరుకుంటాం. నా సలహా ఒక్కటే. నిందించకుండా రెండు అడగండి. కుక్క టీకా కార్డు చూపించమనండి, పది రోజులు కట్టేసి ఉంచి ఏ మార్పు కనబడినా, చనిపోయినా చెప్పమనండి. కార్డు సరిగ్గా ఉన్నా మీ పిల్లాడి చికిత్స ఆపేది డాక్టరే, పక్కింటివాళ్లు కాదు. పదే పదే వదిలేసి కరిపించే యజమాని అయితే, భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అంతదాకా రాకుండానే చాలావరకు మాట్లాడుకుంటే సరిపోతుంది.

పాఠశాలకూ చెప్పండి. ఇంటి దగ్గర జరిగింది కదా అని చాలామంది చెప్పరు. మీ బస్ స్టాప్ దగ్గరి కుక్కే అయితే పొద్దున్నే అక్కడ ఇంకో పదిమంది పిల్లలు నిలబడతారు. అటెండెంట్‌ను ముందే దింపి నిలబెట్టగలం, స్టాప్ మార్చగలం. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు, విద్యాసంస్థల ఆవరణల్లోకి వీధి కుక్కలు రాకుండా చూడాలని, అక్కడ పట్టినవాటిని మళ్లీ అక్కడే వదలకూడదని ఆదేశించింది. కాబట్టి మా గేటు దగ్గర, క్యాంటీన్ వెనక కుక్క కనబడితే మమ్మల్ని అడగడం మీ హక్కు. మొహమాటం అక్కర్లేదు.

వెనక బెంచీ అబ్బాయికి ఆ రోజు చేతి మీద సూది ఎక్కడ వేస్తారో చూపించాను. "ఇంతేనా" అన్నాడు. "మరి అమ్మ తిట్టేది?" అని అడిగాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, మీ దగ్గరే ఉంది. ఈ రాత్రి అన్నం తినేటప్పుడు, ఎప్పుడు కరిచినా, ఎందుకు కరిచినా, చెబితే తిట్టం అని ఒక్కసారి అనండి. పనిలో పనిగా, ఈమధ్య ఎప్పుడైనా కుక్క గాని పిల్లి గాని గీరిందా అని కూడా అడగండి. వారాలు గడిచాక బయటపడినా సరే, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఒక చిన్న పని మిగిలింది. బడిలో కాటు పడితే మేం గాయం కడుగుతూనే మీకు ఫోన్ చేస్తాం. ఫ్యాక్టరీ షిఫ్టులో, మగ్గం చప్పుడులో మీ ఫోన్ మోగినా వినబడకపోవచ్చు. చివరి పేజీలోని చీటీలో రెండో ఫోన్ నంబరు, ఆ ఫోన్ ఎత్తేవారి పేరు, పిల్లాడి తాజా బరువు రాసి ఈ వారంలో డైరీలో పెట్టి పంపండి.