ఎర్రర్‌తో పాటు ఎవరిని తీసేస్తున్నారు?

బెంగళూరులో కొడుకు కొత్త ఫోను కొంటాడు. పాతది కంబదూరులో నాయన జేబులోకి చేరుతుంది. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. శెనక్కాయ వేసే రైతు ముందు విత్తనానికీ బోరుకూ డబ్బు చూసుకుంటాడు, ఫోను వంతు ఆఖరున. వాన కబురూ మార్కెట్ ధరా చెప్పే యాప్ చేస్తున్నారా? అయితే అది తెరుచుకోవాల్సింది మీ బల్ల మీది కొత్త ఫోనులో కాదు.

యాప్ కనీస ఏపీఐ స్థాయి 21 పెట్టారనుకోండి. అంటే 2014 నాటి ఆండ్రాయిడ్ 5.0. ఎవరో కంపైల్ చేసి ఉంచిన సీ లైబ్రరీ తెచ్చి కలిపారు. బిల్డ్ చివర్లో లింకర్ మొరాయించింది: ‘అన్‌డిఫైన్డ్ సింబల్: ఎస్‌టీడీఎర్ర్’. కంగారులో చాలామంది 21ని 23 చేసేస్తారు. ఎర్రర్ పోతుంది. నాయన జేబులోది ఆండ్రాయిడ్ 5.0 ఫోనైతే నాయనా పోతాడు, ప్లే స్టోర్ ఇక ఆయనకు ఆ యాప్‌ను ఇవ్వదు. టీమ్ మీటింగులో మాత్రం ‘ఫిక్స్ చేశాం’ అని చెప్పుకుంటాం!

లింకర్‌ను తిట్టుకోకండి, అది నిజమే చెబుతోంది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6.0కు, అంటే 23వ స్థాయికి, ముందు సిస్టమ్ సీ లైబ్రరీలో ఆ పేరుతో సింబలే లేదు. హెడర్‌లో మాక్రోగా ఉండేది. మీరు తెచ్చిన లైబ్రరీని 23 కోసమో, ఆపైదాని కోసమో కంపైల్ చేశారు. దాని సోర్సు తెచ్చుకుని, సీమేక్‌లో ఆండ్రాయిడ్ ప్లాట్‌ఫామ్‌ను 21గా పెట్టి మళ్లీ కంపైల్ చేయండి. సోర్సు లేకపోతే ఇచ్చినవాళ్లనే అడగండి. ‘పనిచేయట్లేదు, హెల్ప్ చేయండి’ అంటే ఎవరూ పలకరు. ఎన్‌డీకే వెర్షన్, కనీస స్థాయి, మొట్టమొదటి ఎర్రర్ వరుస రాసి పంపండి. కింద పారే వంద వరుసలు చాలావరకు ఆ మొదటిదాని పిల్లలే.

బిల్డ్ సాఫీగా అయిందని అప్పుడే సంబరపడొద్దు. తెచ్చినది ‘ఎస్ఓ’ ఫైలైతే లింకర్ కిక్కురుమనకుండా వదిలేయవచ్చు. యాప్ తెరిచాక, పాత ఫోనులో ‘కెనాట్ లొకేట్ సింబల్’ అంటూ కుప్పకూలుతుంది. అందుకే ఊరెళ్లినప్పుడు నాయన ఫోను ఓ గంట అడిగి తీసుకోండి, విడుదలకు ముందే.

ఆండ్రాయిడ్ 4 ఫోన్ల సంగతి వేరు. ఎన్‌డీకే 26 నుంచి 21 కన్నా కింది స్థాయికి మద్దతే లేదు. అక్కడ పాత ఎన్‌డీకేను పట్టుకుని వేలాడటాన్ని పట్టుదల అనను. ఆ రైతుకు ధరను ఎస్సెమ్మెస్‌లో పంపే ఏర్పాటు చూడండి.